పడవైపోయిన మోటారు సైకిలు

పోలేరయ్య కుదురుగా ఒకచోట కూర్చునే మనిషైతే ఈ కథే లేదు. కూర్చోడు గదా! కాలుగాలిన పిల్లి అంటారే, అచ్చం అదే. అన్నానికి పిలిస్తే ఒక కాలు మడిచి, రెండో కాలు ఎప్పుడు లేద్దామా అని నేలకి ఆనించే వుంచేవాడు. పులికాటు సరస్సు వొడ్డున చవిటికుప్పంలో నలభై గడపలుంటే, ఆ నలభై గడపల వాళ్ళూ అతన్ని ఏదో ఒక పేరు పెట్టి ఎగతాళి చేసినోళ్ళే. భార్య అంకాలమ్మ మాత్రం పేరు పెట్టలేదు. "మా మావకి అరికాళ్ళల్లో చీమలుండాయి లే" అని వూరుకునేది.

యుద్ధం రోజుల్లో చేప పడక ఊరంతా గంజికి మొగం వాచినప్పుడు, మనవాడు మద్రాసు పోయి మిలిటరీలో చేరినాడు. తుపాకి ఇవ్వలేదు లెండి, చేతికి స్పానరిచ్చినారు. అస్సాం అడవుల్లో మిలిటరీ మోటారు సైకిళ్ళు బాగుచేసే షెడ్డులో మూడేళ్ళు పనిచేసినాడు. తిరిగొచ్చి పడవెక్కితే ఆ నిదానం ఒంటికి పట్టలేదు. గాలి కోసం కాచుకోవాల, పోటు కోసం కాచుకోవాల, చేప కోసం కాచుకోవాల. కాచుకోవడమంటే మనవాడికి వొళ్ళంతా దురదగొండాకు పూసినట్టుండేది. అయినా పెళ్ళాన్ని పెట్టుకోని యాడికి పోతాడు? పళ్ళు కొరుక్కుంటా పదేళ్ళు పడవలోనే పోయినాడు, వచ్చినాడు.

చవిటికుప్పంలో వల వెయ్యడం మగవాళ్ళ పని, చేప అమ్మడం ఆడవాళ్ళ పని. మగవాడు బేరమాడితే నవ్వి చంపుతారు. తెల్లారి పడవలు వొడ్డుకి రాంగానే ఆడవాళ్ళు తడి గంపలు నెత్తికెత్తుకోని దొరవారిసత్రం స్టేషనుకి బయలుదేరాల. తొమ్మిది మైళ్ళు. పది గంటల మద్రాసు పాసింజరు అందితే మెతుకు, తప్పితే చేప కాకులకి. ఆ దారిన బస్సు లేదు. ఎద్దుబండి కట్టుకుంటే ఆ ఇసకలో బండి స్టేషను చేరేసరికి రైలు సూళ్ళూరుపేట దాటుంటుంది. అందుకని నడకే. నడక గూడా కాదు అది, నడకకీ పరుగుకీ మధ్య రకం.

అంకాలమ్మ కూడా ఆ కుప్పంలోనే పుట్టింది. పదహారో ఏట గంప ఎత్తింది. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి కుడి మోకాలు తాటికాయంత అయింది. ఒకనాడు వానకి నానిన కట్టమీద కాలు మడతబడి పడిపోయింది. చేపలు బురదపాలు, రైలు వెళ్ళిపోయింది. కూడా వొచ్చినోళ్ళు చెరొక రెక్కా పట్టుకోని ఇంటికి తెచ్చినారు. ఆ సాయంత్రం పోలేరయ్య ఉప్పు వేయించి మూటగట్టి ఆ మోకాలికి కాపడం పెడతా, పెడతా, ఉన్నట్టుండి మూట పక్కన పారేసినాడు.

"ఇంక నువ్వు నడవబళ్ళేదు మే. స్టేషనుకి కూర్చోని పోతావు. నేను కూర్చోబెట్టి తీసకపోతా."

"దేంట్లో? పల్లకీలోనా?" అని నవ్వింది అంకాలమ్మ, నొప్పికి మొగం ముడుచుకునే.

"చూస్తా వుండు."

అన్నాడే గాని ఏం చూపిస్తాడో అప్పటికి మనవాడికే తెలీదు. ఆ రాత్రంతా నులకమంచం కిర్రుకిర్రుమంటానే వుంది. తెల్లారి లేచి వలలో తన వాటా బామ్మర్ది ముత్యాలయ్యకి ఇచ్చేసి, మద్రాసు రైలెక్కినాడు. అది యాభైయేడో సంవత్సరం ఎండాకాలం.

మూడోనాడు పాతసామాన్ల వీధి నుంచి ఒక మిలిటరీ మోటారు సైకిలు కొనుక్కోని వచ్చినాడు. యుద్ధం నాటి సరుకు. టాంకీ సొట్టబోయింది, సీటు తోలు ఎలకలు తిన్నాయి, ఒళ్ళంతా పచ్చరంగు పెచ్చులు. ఇంజను మాత్రం గట్టిది. నెలన్నర కూర్చోని... కూర్చోని కాదులే, దాని చుట్టూ తిరిగి తిరిగి, దాని పేగులన్నీ తీసి కిరసనాయిల్లో కడిగి మళ్ళీ పెట్టి, ఒకనాటి పొద్దున కిక్కు కొట్టినాడు. డబడబడబ అని అది అరిస్తే కుప్పంలో కోళ్ళన్నీ ఇళ్ళ మీదికెక్కినాయి. రిజిస్ట్రేషను గిజిస్ట్రేషను అడిగే పోలీసు ఆ దారిన రాడు గదా, ఇంకేం భయం!

అయితే ఆ బండి ఒక్క సిపాయిని మోయడానికి చేసింది. వెనక చక్రం మీద చిన్న కారియరు తప్ప ఇంకేం లేదు. పోలేరయ్య ఆ కారియరుకి రెండు గంపలు కట్టి కట్ట మీదికి తీసినాడు. అర మైలు పోయిందో లేదో, ముందు చక్రం నేల విడిచి తల ఆడించడం మొదలుపెట్టింది. ఎడమకి తిప్పితే కుడికి పోతుంది. మనవాడూ గంపలూ బండీ కలిసి రొయ్యల గుంటలో పడినారు. చూసినోళ్ళు పొట్ట పట్టుకోని నవ్వినారు.

బురద కడుక్కోకుండానే గుంట వొడ్డున నిలబడి ఆలోచించినాడు పోలేరయ్య. పడవలో పుట్టినోడికి చెప్పాల్నా? బరువంతా తోక మీదేస్తే ముక్కు లేస్తుంది. పడవలో బరువు నడిమధ్యకి రావాల. బండిలో బరువు రెండు చక్రాల మధ్యకి రావాల. మధ్యన చోటు లేదు. అంటే చోటు పుట్టించాల. ఇంజనూ చక్రాలూ టాంకీ అన్నిటినీ మోసే ఇనప గొట్టాల చట్రాన్ని ఫ్రేము అంటారు. దాన్ని వెనకవైపు కోసి, పద్నాలుగు అంగుళాలు సాగదీసి, వెనక చక్రాన్ని వెనక్కి జరపాల. అప్పుడు తన సీటు వెనక అంకాలమ్మకి సీటు, ఆమె కాళ్ళకి అటూ ఇటూ గంపలు. కాలి బొటనవేలితో ఇసకలో బొమ్మ గీసినాడు, చెరిపినాడు, మళ్ళీ గీసినాడు.

గీయడం సులువే. కోసిన గొట్టాన్ని అతికేదెవరు? అస్సాం షెడ్డులో తన పక్క మంచం మీద పడుకున్న హెబ్రోను గుర్తొచ్చినాడు. ఇప్పుడు బిట్రగుంట లోకోషెడ్డులో గ్యాసు వెల్డరు. ఇంజనూ చక్రాలూ విప్పేసి, ఉత్త ఫ్రేముని భుజానికి తగిలించుకోని పోలేరయ్య పాసింజరెక్కినాడు. టికెట్టు కలెక్టరు దాన్ని ముందు నుంచీ వెనక నుంచీ చూసి, "ఏందయ్యా ఇది, లగేజా, జంతువా?" అన్నాడు. మనవాడు లగేజి చీటీ రాయించుకోని, బిట్రగుంట దాకా తలుపు దగ్గిర నిలబడే పోయినాడు.

హెబ్రోను మనిషి సరిగ్గా తిరగేసిన రకం. అడుగు తీసి అడుగు వెయ్యడానికి ఆలోచిస్తాడు. డ్యూటీ దిగినాక స్టేషను బజారులో తన బామ్మర్ది వెల్డింగు కొట్లో ఆ ఫ్రేముని బల్లమీద పెట్టి, మొదటిరోజంతా దానికేసి చూడ్డంతోనే సరిపెట్టినాడు. రెండోరోజు తల దగ్గిర నుంచి తోక దాకా దారాలు లాగి కట్టినాడు.

"ఏందన్నా ఈ దారాలు, దానికి తాళి కడతా వుండావా? కొయ్యి!" అన్నాడు పోలేరయ్య.

"గోరంత వంకరుంటే బండి జన్మంతా ఒక పక్కకే లాగుతుంది. నీ మాదిరి. వూరుకో."

హెబ్రోను భార్య రెబెక్కమ్మ క్వార్టర్సులో అన్నం పెడతా, "అన్నా, మీరు తిరిగే తిరుగుడికి మా వాకిట్లో గుంట పడింది. కాస్త కూర్చోండి" అనింది. పోలేరయ్య సిగ్గుపడి కూర్చున్నాడు. ఆమె మజ్జిగ తెచ్చేలోపల మళ్ళీ లేచినాడు.

మూడోరోజు కోసినారు. కోసిన రెండు మొగాల మధ్యన కొత్త గొట్టం ముక్క పెట్టి, లోపల బిగువుగా ఇంకో ఇనప కడ్డీ దూర్చి, దారం వరసకి సరిచూసి, అప్పుడు అంటించినాడు హెబ్రోను మంట. ఇనుము ఎర్రబడి, తెల్లబడి, తేనెలాగ కలిసింది. అది చల్లారేదాకా మనవాడు ఆగగలడా! పక్కనున్న తొట్లో నుంచి చెంబుతో నీళ్ళు ముంచినాడు. హెబ్రోను ఫెడీమని చేతిమీద కొట్టినాడు.

"ఎద్దుబండి చక్రం పట్టా అనుకున్నావా నీళ్ళు పొయ్యడానికి? పెళుసెక్కి, నీ పెళ్ళాం ఎక్కిన రోజే పుటుక్కుమంటుంది. బూడిదలో పెట్టాల. దానంతట అది చల్లారాల."

పెళ్ళాం మాట వినేసరికి పోలేరయ్య చెంబు కింద పెట్టేసినాడు. అతుకుల చుట్టూ వేడిబూడిద కప్పి, ఆ పూటంతా దాని చుట్టూ తిరిగినాడు గాని ముట్టుకోలేదు. మర్నాడు హెబ్రోను అడక్కుండానే వెనక సీటుకి రెండు ఇనప కొక్కేలు, ఎడమవైపు ఒక పాదం పట్టే పలక అతికిచ్చినాడు. "వదిన కాలు వేలాడగూడదు, మోకాలు లాగుతుంది" అన్నాడు. ఆ మాటకి పోలేరయ్య ఆ పలకని రెండుసార్లు చేత్తో తడిమినాడు.

ఇంటికొచ్చి మళ్ళీ అంతా బిగించుకోవడం, రెండు చైన్లు కలిపి ఒక పొడుగు చైను చెయ్యడం, బ్రేకు కడ్డీ పొడుగు చెయ్యడం, ఇట్టా ఒకటి చేస్తే ఇంకొకటి కావాల్సొచ్చి ఏడాది దాటింది. మధ్యన పొట్టకూటికి మళ్ళీ పడవెక్కినాడు. అంకాలమ్మ నడస్తానే వుంది. రోజూ పొద్దున ఆమె కుంటుకుంటా కట్ట ఎక్కుతుంటే చూడలేక, మనవాడు స్పానరు పట్టుకోని బండి కిందికి దూరిపోయేవాడు.

యాభైతొమ్మిది మాఘమాసానికి బండి సిద్ధమైంది. పొడుగ్గా, పొట్టిగుర్రం లాగ నిలబడింది. ఊరు ఊరంతా రేవులో మూగింది. ఒక్కళ్ళ చేప మోస్తే పెట్రోలుకే చాలదు, ఊళ్ళో పది గంపలన్నా కావాల. ఆ మాట అడగడానికి పెద్దకాపు చిన్నపోలయ్య ముందు నిలబడినాడు పోలేరయ్య. పెద్దకాపు అంటే కుప్పానికి పెద్ద. ఆయన మాట కాదంటే దురాయి వేస్తారు, అంటే ఊరి కట్టుబాటు. దాన్ని మీరినోడికి నిప్పూ నీళ్ళూ పుట్టవు.

చిన్నపోలయ్య బండి చుట్టూ తిరిగి, గడ్డం గోక్కోని, "అంతా బాగుండాది గాని అబ్బయ్యా, మన చేప పడవలో నుంచి గంపలోకి పోతుంది. పడవ అమ్మవారిది, గంప ఆడదానిది. ఇదెవరిది? దిక్కూ మొక్కూ లేని దాంట్లో గంగమ్మ ఇచ్చిన చేప ఎట్టా పెడతాం? రేపు వల ఖాళీగా వస్తే?" అన్నాడు.

చుట్టూ వున్నోళ్ళు అవునవునన్నారు. ముసలోళ్ళు తలకాయలు ఆడించినారు. ఈ మాటలు సాయంత్రం దాకా సాగేట్టున్నాయి. పోలేరయ్యకి అరికాళ్ళు మండిపోతా వున్నాయి. రెండేళ్ళు! ఇంకా ఎంత సేపు? ఒక్క రవ్వ ఆగి ఆలోచించి మాట్లాడుంటే! ఆగితే పోలేరయ్య ఎట్టా అవుతాడు?

"పడవే అనుకో చిన్నాయనా! దీన్ని చేసింది గూడా పడవ లెక్కనే. పడవకి చేసే పూజ చెయ్యండి, చేసి చేప ఎక్కించండి, అయిపోతుంది!"

"అట్టా చెప్పు!" అని లేచినాడు పెద్దకాపు, సంతోషంగా. చిటికెలో పసుపొచ్చింది, కుంకమొచ్చింది, కోడిపుంజొచ్చింది. హ్యాండిలుకి నిమ్మకాయలు గుచ్చినారు. ముందు చక్రం మీద కొబ్బరికాయ కొట్టినారు. కోడి రక్తం ముందు మడ్‌గార్డు మీద బొట్టుబొట్టుగా పడింది. హారతిచ్చి, పోలేరమ్మని తలుచుకోని, "ఈ పడవ చల్లగా వుండాల" అని ఊరంతా దండం పెట్టినారు. గంపలు కట్టినారు.

అప్పుడు అంకాలమ్మ వచ్చింది. తల దువ్వుకోని, పెళ్ళినాటి ఎర్రకోక కట్టుకోని వచ్చింది. సిగ్గుపడతా నవ్వుతా ఎడం కాలు పలక మీద పెట్టబోయింది.

"ఆగవే!" అని కేకేసింది పెద్దకాపు భార్య ముసలమ్మ. "పడవెక్కుతావా? ఆడదానివి, పడవెక్కుతావా!"

పూజ చేసిన పడవలో ఆడది కాలు పెట్టగూడదు. పెడితే నీళ్ళమీదున్న పడవలకి కీడు. అది చవిటికుప్పంలో చంటిపిల్లకి గూడా తెలిసిన మాట. తెలిసి తెలిసి, ఎవరికోసం చేసినాడో ఆమెనే దాని గడప తొక్కకుండా చేసుకున్నాడు మనవాడు, తన నోటితో, నలుగురిలో. అంకాలమ్మ ఎత్తిన కాలు వెనక్కి తీసుకుంది. మొగుడికేసి చూళ్ళేదు. కొంగు బొడ్లో దోపుకోని నడక మొదలుపెట్టింది.

ఆ రోజు నుంచి బండి నడిచింది, బ్రహ్మాండంగా నడిచింది. రోజూ పన్నెండు గంపలు, రెండు తడవల్లో. ఊళ్ళో ఆడవాళ్ళు నెత్తిన బరువు లేకుండా చేతులూపుకుంటా స్టేషనుకి నడిచి, బేరం చేసుకోని వచ్చేవాళ్ళు. అందరూ పోలేరయ్యని మెచ్చుకున్నోళ్ళే. ఆ మెచ్చుకోలు మనవాడికి ముల్లులాగ గుచ్చుకునేది. అంకాలమ్మకి బరువు తగ్గిందే గాని దూరం తగ్గలేదు గదా. రోజూ కట్టమీద ఆమె కుంటుకుంటా పోతుంటే, ఆమె సీటు మీద రెండు గంపలు కట్టుకోని, దుమ్ము లేపుకుంటా పక్కనుంచి దాటి పోవాల. ఒకసారి బండి ఆపి, "దుమ్ము పడిందా మే?" అన్నాడు.

"చేపకుండే మర్యాద నాకు లేకపోయింది మావా" అనింది, నవ్వుతానే అనింది.

దానికన్నా చెప్పుతో కొట్టుంటే బాగుండేది. పోలేరయ్యకి నిద్ర పోయింది, తిండి పోయింది. తన నోటిని తనే తిట్టుకున్నాడు. పెద్దకాపు దగ్గిరికి నాలుగుసార్లు పోయినాడు. "పూజ వెనక్కి తీసుకోవడం వుండదబ్బయ్యా" అన్నాడాయన నాలుగుసార్లూ.

అరవై కార్తీకంలో తుపాను ముసురు. మూడు పడవలు సరస్సు సముద్రంలో కలిసే మొగ దాటి పోయుండాయి. అందులో ఒకదాంట్లో ముత్యాలయ్య వున్నాడు. పోలేరయ్య గంపలు రైలుకి చేర్చి ఒట్టి బండితో తిరిగొస్తుంటే, ఇంటికి నడిచొస్తున్న అంకాలమ్మ ఐదో మైలు దగ్గిర కట్టమీద చతికిలబడి వుంది. మోకాలు రెండు చేతులా పట్టుకోనుంది. వాన కారిపోతా వుంది. చుట్టుపక్కల పురుగన్నది లేదు.

"ఎక్కు" అన్నాడు. "ఎవరూ చూడ్డంలేదు, ఎక్కు మే."

"నేను చూస్తన్నా గదా."

"నీ కాళ్ళు పట్టుకుంటా, ఎక్కు."

"తమ్ముడు నీళ్ళమీదుండాడు మావా." "నేనిప్పుడెక్కి, రేపు వాడి పడవ రాకపోతే? ఊళ్ళోవాళ్ళు అంటారని కాదు. నాకు నేనే అనుకుంటా. చచ్చేదాకా అనుకుంటా వుంటా. నావల్ల కాదు."

చెయ్యిచ్చి లేపబోయినాడు. ఆమె చెయ్యి విదిలించుకోని, కట్టవారన మొలిచిన సరుగుడు కొమ్మ విరుచుకోని, దాన్ని ఆనుకోని లేచి నడిచింది. మనవాడు బండి ఇంజను ఆపేసి, వానలో దాన్ని తోసుకుంటా ఆమె వెనకాలే కుప్పం దాకా నడిచినాడు.

రెండోనాడు పడవలు మూడూ క్షేమంగా వచ్చినాయి. ముత్యాలయ్య వొడ్డుకి దిగినాడు. ఊరంతా రేవులోనే వుంది. పోలేరయ్య బండిని తోసుకొచ్చి జనం మధ్యన నిలబెట్టి, ఇంజనూ చక్రాలూ ఊడదీసి, రంపం బ్లేడు తీసుకోని ఫ్రేము మీద పెట్టినాడు. కిర్రుమని చప్పుడైంది.

"ఒరే, ఒరే! పడవని చంపుతావురా!" అని పరిగెత్తుకొచ్చినాడు చిన్నపోలయ్య.

"చంపుతా వుండా చిన్నాయనా. చూసుకో."

హెబ్రోను అతుకు మీద బ్లేడు జారింది, పన్ను దిగలేదు. రెండంగుళాలు పక్కకి జరిగి కోసినాడు. చేతులు బొబ్బలెక్కినాయి, చెమట కళ్ళల్లోకి కారింది, ఎవరి మాటా వినిపించుకోలేదు. జీవితంలో అంత నిదానంగా మనవాడు చేసిన పని ఇంకోటి లేదు. ఠంగుమని ఫ్రేము రెండు ముక్కలై ఇసకలో పడింది. అంకాలమ్మ గుండెలు బాదుకుంది. "రెండేళ్ళ కష్టం మావా! నీకు పిచ్చిపట్టిందా!"

పోలేరయ్య రొప్పుతా పెద్దకాపు కేసి తిరిగినాడు. "చిన్నాయనా, మీ నాయన పడవ పాతబడితే ఏం చేసినావు?"

"ఇప్పుడా సంగతెందుకురా?"

"చెప్పు, నలుగురూ వింటారు."

"కోయించినా. కోయించి దూలానికీ గడపకీ వాడుకున్నా. అందరూ చేసేదే గదా."

"పూజ చేసిన పడవే గదా అది? మరి ఆ గడప మీద మీ కోడలు కాలు పెట్టలా? ఎన్ని తుపాన్లొచ్చినాయి, దానివల్ల ఎవరన్నా చచ్చినారా?"

పెద్దకాపు పెళ్ళాం ముసలమ్మ జనంలో నుంచి ముందుకొచ్చింది. అందరూ ఆమె తిడుతుందనుకున్నారు.

"వాడు చెప్పింది నిజమే గదయ్యా. ఆ గడపకి శుక్రవారం శుక్రవారం పసుపు రాసేది నేనే. రోజూ తొక్కి దాటేది నేనే. కోసిన పడవ పడవెట్టా అవుతుంది? అది చెక్క. ఇది ఇనుము. అంతే."

పెద్దకాపు రేవులోకి వంగి, సరస్సు నీళ్ళు దోసిలితో తెచ్చి ముక్కలైన ఫ్రేము మీద చల్లినాడు. "పడవ పోయింది" అన్నాడు గట్టిగా. పడవ పోయిన ఇంట్లో ఆ పూట పొయ్యి వెలిగించరు. పోలేరయ్య ఇంట్లో వెలగలేదు. మొగుడూ పెళ్ళాం తలస్నానాలు చేసి పస్తు పడుకున్నారు.

"మళ్ళీ అతికించుకోనొస్తే?" అని మర్నాడు పొద్దున ముక్కలు ఎత్తుకుంటున్న పోలేరయ్యని వెనకనుంచి అడిగినాడు పెద్దకాపు.

"అతికించుకోనొస్తే అది బండి. ఉత్త బండి. దానికి ఎవరూ ఏ పూజా చెయ్యబళ్ళేదు, నేను నోరిప్పను."

రెండు ముక్కలూ రెండు భుజాలకి తగిలించుకోని మళ్ళీ బిట్రగుంట. హెబ్రోను ఎర్రగా చూసినాడు. "నేను పెట్టిన అతుకుని కోసుకోనొచ్చినావంట్రా?" అన్నాడు. కోత అతుకు పక్కన పడిందని చూసుకున్నాక కాస్త చల్లబడినాడు. సంగతంతా విని, దారాలు తీసి కట్టినాడు. ఈసారి అతుకు బూడిదలో వున్నంతసేపూ పోలేరయ్య షాపు బయటే తిరిగినాడు. ఆ రెండు నెలలూ ఊరి గంపలు మళ్ళీ ఆడవాళ్ళ నెత్తినెక్కినాయి. వాళ్ళు పోలేరయ్యని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టినారు. పడాల్సిందే గదా, పడినాడు.

సంక్రాంతి దాటినాక ఒక పొద్దున అంకాలమ్మ బండెక్కింది. ఈసారి ఎర్రకోక కట్టుకోలేదు. చేపల గంప అంటిన పాత కోకతోనే ఎక్కింది. పక్కకి తిరిగి కూర్చోని, పలక మీద కాలు పెట్టి, ఒక చెయ్యి మొగుడి భుజమ్మీద వేసింది. ఆ వేళ్ళు బిగుసుకోవడం పోలేరయ్యకి తెలస్తానే వుంది. దారి పొడుగునా ఆమె నోరు తెరవలేదు. మనవాడు మాత్రం వూరుకున్నాడా? గుంటొస్తే గుంట అన్నాడు, మలుపొస్తే మలుపన్నాడు, భయపడొద్దన్నాడు, మోకాలు లాగతా వుందా అన్నాడు. బదులు లేదు. నవ్వుకుంటా వుందేమో అనుకున్నాడు.

స్టేషను ముందు బండాపినాడు. గంపలు దించినాడు. ప్లాట్‌ఫారం మీద కాకులు తప్ప ఎవరూ లేరు. సిగ్నలు పళ్ళేదు.

"దిగు మే."

"వొచ్చేసిందా?"

"కనపళ్ళేదా? అదిగో బోర్డు."

అంకాలమ్మ దిగింది. బోర్డు చూసింది. వెనక్కి తిరిగి దారిని చూసింది. దారి ఎండలో తెల్లగా, కట్ట దాకా, ఆ పైన తాటిచెట్ల దాకా కనపడతా వుంది.

"ఇంతేనా?" అనింది.

"ఇంతే."

"ఇంతేనా మావా దూరం?" ఆమె మొగం నవ్వులోకి పోలేదు, ఏడుపులోకి పోయింది. ప్లాట్‌ఫారం అంచున కూలబడి, నోట్లో కొంగు కుక్కుకోని, భుజాలు అదిరేట్టు ఏడ్చింది. "మా అమ్మ ఈ దారిన నడిచి నడిచే పోయింది. స్టేషను శానా దూరమే, భూమి చివర వుంటాదే అనేది. దూరం అనుకునే చచ్చిపోయింది. ఇంత దగ్గిరుందని తెలీకుండానే పోయింది మావా."

పోలేరయ్య ఈ రోజు ఆమె సంతోషపడుతుందని నాలుగేళ్ళు కలగన్నాడు. పక్కన కూర్చుందామనుకున్నాడు, లేచినాడు, మళ్ళీ కూర్చున్నాడు. ఆమె వీపుమీద చెయ్యి వేసి, "ముందే చేసుండాల్సింది. తప్పు నాదే" అన్నాడు. అతని కళ్ళు గూడా నిండినాయి.

అంకాలమ్మ కాసేపటికి మొగం తుడుచుకుంది. ముక్కు చీదింది. స్టేషను గోడమీది గడియారం కేసి చూసింది.

"రైలుకి ఇంకా ఎంత టైముండాది?"

"గంటన్నర."

"మరి ఇక్కడ కూర్చోని నన్నెందుకు చూస్తా వుండావు? ముసలమ్మత్త ఇంకా మూడో మైలు గూడా దాటుండదు. అరవై ఏళ్ళ మనిషి. పో మావా, పోయి ఎక్కించుకోని రా. ఆమెనయినాక రమణమ్మని. పో!"

పోలేరయ్య కిక్కు కొట్టి, వచ్చిన దారినే బండి వెనక్కి తిప్పినాడు.